గురి చూసేటప్పుడు మాట్లాడొద్దన్నాను

మరుగుతున్న నీళ్ళ చెంబు నా చేయి జారి మా ఆయన పాదం మీద ఒలికింది. కేక వేశాను. ఆయన చదువుతున్న పేపరు పక్కకు దించి, "ఏం మే, అట్ల అరుస్తాండావు?" అన్నారు. పాదం ఎర్రగా పొంగుతోంది. ఆయనకు తెలియనే లేదు. 

కొన్నాళ్ళకే కాళ్ళూ పడిపోయాయి. బెంగళూరు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి స్పైన్ టీబీ అన్నారు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, నెలల తరబడి ప్లాస్టర్ బెడ్. జబ్బు తగ్గింది. నడుము కింద స్పర్శ మాత్రం తిరిగి రాలేదు, నడకా రాలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా పడి ఉన్న మనిషికి డాక్టరుగారు ఒక ఎయిర్‌గన్ తెచ్చిచ్చారు. "వీల్‌చెయిర్లో కూచోని కాల్చప్పా. సిట్టింగ్ బ్యాలెన్స్ వస్తాది. మా పేషెంట్లకు ఏటా పోటీ పెడతాము."

మా ఊరు పరగోడులో చెనిక్కాయ చేలోకి వచ్చే అడవిపందులను నాటుతుపాకితో కొట్టిన చేయి అది. "పందైతే పరిగెత్తుతాది. ఈ గురి అట్ట యాడికి పోతాది?" అని ఎన్నాళ్ళకో నవ్వారు. ఆ ఏడు రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం కొట్టిన, కాళ్ళు లేని సిపాయి ఒకాయన "వచ్చే ఏడు రాప్పా పందుల దొరా, చూసుకుందాం" అని ఉడికించాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నాకే చెప్పారు: "పదిహేను నిమిషాలకొకసారి చేతులూని ఒళ్ళు పైకెత్తాల. చర్మం దినమూ నువ్వు చూడాల. కూచున్న చోట పుండు, బెడ్‌సోర్, వస్తే ఆయనకు తెలీదమ్మా."

మొదట్లో గడియారం చూసి లేపేదాన్ని. మరుసటేటి పోటీ దగ్గర పడి, ఇంట్లో ఎయిర్‌గన్ సాధన పెరిగేకొద్దీ "ఊరికే కదిలిస్తే గురి చెడతాది, పో మే" అని విసుక్కునేవారు. వదిలేశాను. గంటల తరబడి ఆయన అలా కదలకుండా కూర్చుంటే నాకు ముచ్చటేసేది. బాగయ్యారులే అనుకుని ఒళ్ళు చూడటమూ మానాను. "నాన్న గురి చూస్తాండాడు, మాట్లాడొద్దండి" అని పిల్లలను కూడా మునివేళ్ళ మీద నడిపించాను. ప్రతిదానికీ భయపడే నేను ఆయన కదలకపోవడానికి మాత్రం భయపడలేదు.

ఆయనకు చలిజ్వరం వచ్చిన రోజు బట్టలు మార్చబోయి చూశాను. పిరుదు మీద పుండు ఎముకదాకా పోయింది. చింతామణి ఆస్పత్రిలో డాక్టరమ్మ "ఇన్ని దినాలు ఎవురూ చూడలేదామ్మా?" అంది. బీఏ చదివిన నేనే చూడలేదన్నాను. రక్తమంతా విషమెక్కింది, సెప్టిసీమియా అన్నారు. తొమ్మిదో రోజు సాయంత్రం ఆయన పోయారు. రాత్రికి పరగోడుకు తెచ్చుకున్నాము.

ఇప్పుడు బాగేపల్లి స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్నాను. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఇలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే, తిట్టినా సరే, కదిలించండి. రోజూ ఒళ్ళు తిప్పి మీ కళ్ళతో చూడండి. ఆ ఒంటికి నొప్పి చెప్పడం రాదు.

ఆయన పోయిన మరుసటి పొద్దున పిల్లలిద్దరూ లేచి, నడవలో పడుకోబెట్టిన నాన్నను చూసి గడప దగ్గరే ఆగిపోయారు. చిన్నది మునివేళ్ళ మీద వచ్చి నా చెవిలో అడిగింది: "నాన్న కదలకుండా ఉండాడు. మాట్లాడకూడదామ్మా?"

"నాన్న పోయినాడు తల్లీ," అన్నాను ఇద్దరినీ దగ్గరికి తీసుకుని. "పిలవండి. ఎంత గట్టిగా పిలిచినా ఇంక గురి చెడదు."