మానేశానని ముందే చెప్పేసిన తీపి

ఎనభై తొమ్మిదిలో, ఒమాన్ దేశపు సలాలాలో వానల నెల. సైట్ మీద షట్టరింగ్ పలకలు ఊడదీస్తుంటే ఎడమ బూటు లోపల తడిగా అనిపించింది. విప్పి చూస్తే సాక్సు నిండా రక్తం. బూటు అడుగు నుంచి మేకొకటి బొటనవేలి కిందికి దిగి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. నొప్పి లేదు.

బుద్ధున్నవాడు భయపడేవాడు. నేను మేకు పీకి అందరికీ చూపించాను. “చూడుండ్రి, నా కాలు ఇనుమునే మింగుతది!” అన్నాను. సాయంత్రానికి నా నోట్లో ఆ మేకు జానెడైంది, మర్నాటికి మూరెడైంది.

హెల్త్ సెంటర్‌లో డ్రెస్సింగ్ చేసి రక్తం తీశారు. ఒమానీ నర్సు చీటీ నా చేతికిచ్చి, డాక్టర్ గది చూపిస్తూ “సుక్కర్ వాజిద్” అంది. వాజిద్ అంటే చాలా అని తెలుసు. సుక్కర్ నా చెవికి షుక్రన్‌లా వినబడింది. రక్తం ఇచ్చినందుకు చాలా థాంక్స్ చెబుతోందనుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని “షుక్రన్ వాజిద్, సిస్టర్” అని దర్జాగా బయటికొచ్చేశాను. నా రక్తం ఎంత మంచిదో రూమ్‌లో రెండు రోజులు చెప్పుకున్నాను.

వారానికి వేలు వాచి నల్లబడింది, జ్వరం కాసింది. రూమ్‌మేట్ గంగారాం హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. కేరళ డాక్టర్ పాత చీటీ చూసి తల పట్టుకున్నారు.

“ఆమె థాంక్స్ చెప్పలేదయ్యా. షుగర్ చాలా ఉందని చెప్పింది. డయాబెటిస్. అందుకే మేకు దిగినా తెలియలేదు.”

గంగారాం గోడవైపు తిరిగి నవ్వాడు. తర్వాతి మాటకు వాడి నవ్వు ఆగిపోయింది.

“ఇన్ఫెక్షన్ లోపలికి పోయింది. షుగర్ దిగకపోతే ఆంప్యుటేషన్.”

బొటనవేలు లేనివాడు పరంజా మీద నిలబడలేడు. నిలబడలేనివాణ్ని కంపెనీ ఇంటికి పంపేస్తుంది.

పది రోజులు ఐవీ యాంటీబయాటిక్స్, తర్వాత మాత్రలు, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. ఇక తీపి ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు మెస్ ఖాదర్ భాయ్ చాయ్ తెచ్చేదాకా ఆగింది. మూడు చెంచాల చక్కెర, పైన రెండు సలాలా అరటిపళ్లు. నెల తర్వాత డాక్టర్ ముఖంలో నవ్వు లేదు.

“పుండు అంచు మళ్లీ నల్లబడుతోంది. రెండు వారాలు చూస్తాను. తర్వాత సర్జన్‌కు రాస్తాను.”

మెస్‌లో అందరూ తింటున్నారు. “ఏమన్నడు బావా డాక్టరు?” అని గంగారాం అడిగాడు. సిగ్గేసింది. అలవాటైన నోరు కదా!

“మెచ్చుకున్నడు. తీపి బంద్ పెట్టి నెలైందంటే చెయ్యి కలిపిండు.”

ఖాదర్ భాయ్ అక్కడే గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. నా చాయ్‌లో చక్కెర వేసేది ఆయనే. మర్నాడు పొద్దున అందరి ముందూ గ్లాసు అందించాడు.

“తీస్కో ఉస్తాద్! నెల సంది తాగుతున్నవు గదా, చక్కెర లేని నీ ఫీకా చాయ్!”

ఇరవైమంది చూస్తున్నారు. వేపకషాయంలా ఉన్నదాన్ని పెదాలు చప్పరిస్తూ తాగాను.

“ఎట్లుంది మియా?”

“రోజు లెక్కనే!”

అక్కడితో అయిపోలేదు. పక్క రూమ్‌లో షుగర్ ఉన్న ఇద్దరు వచ్చి నా మంచం మీద కూర్చున్నారు. “అన్నా, ఎట్ల మానినవే? మాకు గూడ జెప్పు.” చెప్పాను, గంటసేపు. ఇక అరటిపళ్ల బండి దగ్గర ఆగినా “ఎవరికే అన్నా?” అని వెనక నుంచి ఒక గొంతు. ఆ రెండు వారాలూ దొరికిపోతానన్న భయంతోనే తీపి ముట్టలేదు.

డాక్టర్ కట్టు విప్పి చాలాసేపు చూశారు. “పింక్‌గా ఉంది. గ్రాన్యులేషన్ మొదలైంది, కొత్త కండ పడుతోంది. సర్జన్ అక్కర్లేదు.”

ఆనందం పట్టలేక జరిగిందంతా ఒప్పేసుకున్నాను. ఆయన పెన్ను మూసి అన్నారు: “అయితే ఇంకో అబద్ధం కూడా చెప్పు. రోజూ గంట నడుస్తున్నానని.”

పుండు పూర్తిగా మానాక మెస్‌లో అందరి ముందూ అదీ చెప్పాను. గంగారాం చెప్పులు తొడుక్కుని “నడువు మరి” అన్నాడు.

ఇప్పటికి ఏడేళ్లు. వేలు నాతోనే ఉంది, నేను పరంజా మీదే ఉన్నాను. మాత్రలు మానలేదు, రోజూ అరికాళ్లు చూసుకుంటాను. మీకు నేను చెప్పేది ఒక్కటే: చెడ్డ అలవాటు మానాలంటే ఒట్టు మనసులో పెట్టుకోకండి. మీకు వడ్డించే మనిషి ముందు, మానేశానని గట్టిగా చెప్పేయండి. తర్వాతి సంగతి ఆయన చూసుకుంటాడు.