చూస్తే చెడిపోయే మందు

గోరంత తెల్లపువ్వులు రెండు తెచ్చి మీ అరచేతిలో పెడితే, ఏది గుంటగలగరో ఏది గడ్డిచామంతో మీరు చెప్పగలరా? చెప్పలేకపోతే సిగ్గుపడనక్కర్లేదు, రెండూ చామంతి కుటుంబంలోవే, అక్కచెల్లెళ్లలాంటివే. కానీ తేడా తెలియనివాళ్లు వాటిని నూరి మనిషికి తాగించబోతే మాత్రం నాకు ఒళ్లు మండేది. మండీ మండీ ఈ వయసుకు అలసటే మిగిలింది.

ఈ ఉదయం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. కొండవాలులో పూసిన గడ్డిచామంతి, కింద గుంటగలగర అని పేరు, కామెర్లకు పరగడుపున దీని పసరు తాగించండని సలహా. పులివెందులలో ఉన్న మా అక్క మనవరాలికి కళ్లు పచ్చబడ్డాయని తెలిసి ఎవరో పంపారు. దాని కింద దండాలు పెట్టే బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి.

అవి చూస్తూ కూర్చుంటే మా అక్కకే కామెర్లు వచ్చిన ఏడాది గుర్తొచ్చింది. అప్పుడు నేను ప్రొద్దుటూరులో వృక్షశాస్త్రం చదువుతున్నాను. పువ్వును విప్పి చూడడం కాలేజీలో నేర్చుకుంటే, ఎవరేం చెప్పినా నీకెట్లా తెలుసని అడగడం మా చిన్నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన ఆదివారాలు మా అరుగు మీద పదిమందిని పోగేసి దేవుడి మీదా దయ్యం మీదా వాదనలు పెట్టించేవాడు, ఓడినవాళ్లు అందరికీ టీ పెట్టాలి.

కొత్తగా పెళ్లయిన అక్క, అన్నం వాసనే పడక, పసుపుముద్దలా మారి మా ఇంటికి వస్తే, వెనకాలే ఇద్దరు దిగారు. జమ్మలమడుగు నుంచి మా జేజి, అంటే నాయన తల్లి. పులివెందుల నుంచి అక్క అత్త. ఇద్దరూ కామెర్లకు పసరు పోసేవాళ్లే. అది కొండమీది తెల్లపువ్వు చెట్టని మాత్రం అందరికీ తెలుసు, అంతకుమించి తెలియకూడదు. తెల్లవారకముందే ఎవరితోనూ మాట్లాడకుండా ఎవరి ఊరి కొండకు వాళ్లు పోయి కోసుకొచ్చి, గుడ్డలో మూటగట్టి, తలుపేసుకుని నూరేవాళ్లు. ఆ ఆకు ఇంకొకరి కంటబడినా, పేరు ఇంకొకరి నోట పలికినా మందు పారదని వాళ్ల కట్టుబాటు.

అక్క ఒకనాడు ఈమె పసరు, మరునాడు ఆమె పసరు తాగేది. ఈలోపల ఇద్దరూ ఒకరినొకరు పొడుచుకునేవాళ్లు.

"మీ గండికోట కొండమీద రాళ్లు తప్ప ఆకు యాడుందిలే అత్తా," అనేది అక్క అత్త.

"మీ చీనీతోటల్లో మందులు కొట్టికొట్టి గడ్డి గూడా బతకల్యా. నీ ఆకు యాడిదో ఆ దేవునికే తెలియాల," అనేది జేజి.

ఆసుపత్రి మాటెత్తితే మాత్రం, సూది తగిలితే కామెర్లు ముదిరి మనిషి దక్కదని ఇద్దరూ ఒక్కటయ్యేవాళ్లు. నాయనకు వాళ్లను కాదనే ధైర్యం లేదు. గుక్కెడు గంజి కూడా నిలవక అక్క కూర్చున్నచోటే ఒరిగిపోసాగింది.

ఒక పొద్దున రెండు మూటలూ వంటింటి గట్టుమీద పక్కపక్కన కనబడ్డాయి. నేను విప్పి, వసారాలో అందరి ముందూ పరిచాను. జేజి తెచ్చింది కొండవాగు తడిలో పెరిగే మొక్క. కాడ ఎరుపు, పువ్వు నడిమి కూడా తెలుపే, రేకులు దారప్పోగుల్లా సన్నం, నలిపితే కాసేపటికి నా వేళ్లు నల్లబడ్డాయి. అది గుంటగలగర. అత్త తెచ్చింది రాతినేల మొక్క. ఒళ్లంతా నూగు, ఆకు అంచు రంపం, పొడుగాటి ఒంటికాడ కొసన పసుపు బొట్టు, దాని చుట్టూ కొస చీలిన నాలుగైదు రేకులు. అది గడ్డిచామంతి. పేర్లు గట్టిగా చెప్పి, ఇద్దరిదీ ఒకే మందన్నారే, ఇవి రెండు వేరు చెట్లు, వీటిలో ఏది కామెర్లకు, మీకెట్లా తెలుసు అని అడిగాను.

జేజి తన ఆకును ఎడంచేత్తో పక్కకు తోసేసింది. తర్వాత, "చూసేస్తివి గదమే, నీ సదువు సట్టుబండలు గాను! పేరు గూడా పలికితివి. ఇంగేం పారుతాది ఇది?" అంది.

"నాది గూడా చెడగొట్టింది అత్తా. ఇంగ ఆ సూదే గతి, బండి పిలిపీండి," అంది అక్క అత్త.

అట్లా మా అక్క ఆసుపత్రికి పోయింది. నా వాదన ఎవరూ ఒప్పుకోలేదు. మందు చెడిందని నమ్మారు కాబట్టి బండి వచ్చింది, ప్రాణం నిలిచింది. ఇంటికొచ్చాక, నేను చూడకముందు తాగిన పసరే పనిచేసిందని ఇద్దరూ చాటారు. ఊరూ నమ్మింది, అక్కా నమ్మింది.

ఇందాక అక్కకు ఫోన్ చేశాను, ఆ ఫోటోలోది గుంటగలగర కానే కాదని చెప్పాను. "అప్పుడు దాచిపెడతాండారని తిడితివి. ఇప్పుడు ఫోటో పెట్టి, పేరు రాసి చూపిచ్చినా తిడతాండావు. ఏందిమే నీ బాధ?" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు, వాళ్లతో పోట్లాడినంత తృప్తి మళ్లీ ఎవరితోనూ దక్కలేదు. వాళ్ల మందును ఒక్క చూపుతో చెడగొట్టగలిగాను. ఈ ఫోటోను వందమంది చూశారు, పేరే తప్పు, అయినా అది చెడదు. పంపినవాళ్లలో ఒక్కరూ కొండెక్కలేదు, వంగి ఒక మొక్కను ముట్టలేదు.

మోకాళ్లు వద్దంటున్నా, ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకుపోవడానికి రేపు మొదటి బస్సుకు పులివెందుల పోతున్నాను. మీ ఇంటికి నేను రాలేను. మీవాళ్ల కళ్లు పచ్చబడితే ఆ పసరు గిన్నె పారబోయండి, మనిషిని బండెక్కించండి, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.