కూత లేని ఆట

గంగులయ్య ఇస్త్రీ చేసిన దిష్‌దాషా అంగీకి మడత నలిగిందని కువైట్‌లో ఏ అరబ్బూ అనలేదు. ఆయన ఊదిన ఈలకు న్యాయం తప్పిందని రాయచోటి చుట్టుపక్కల ఏ ఊరూ అనలేదు. ఈ రెండే ఆయన ఆస్తి. వయసులో ఉన్నప్పుడు చెడుగుడు పందేలలో కూతకు వెళ్లి, ఒకనాటి పట్టులో మోకాలు తిరిగిపోయాక, ఈల పట్టుకుని బరి పక్కన నిలబడ్డాడు. ఆడలేనివాడు తీర్పు చెప్పడం తేలిక అని వెక్కిరించినవారికి, ఆడినవాడికే తప్పు ఎక్కడ పుడుతుందో తెలుసునని బదులిచ్చేవాడు. ఆపైన బతుకుతెరువు కోసం కువైట్ వచ్చి, అబ్బాసియాలో ఒక లాండ్రీలో ఇస్త్రీ బల్ల వెనుక నిలబడ్డాడు. తొమ్మిదేళ్లయినా ఈల మాత్రం జేబులోనే ఉండేది.

ఆయనకు ఈ దేశంలో దొరికిన శత్రువు అబ్బులు. మిత్రుడు కూడా అతడే. అబ్బులుది అమలాపురం అవతల లంక గ్రామం, పని షువైఖ్ రేవులో మూటలు దించడం. శుక్రవారం మధ్యాహ్నం లాండ్రీ మూసే వేళకు వచ్చి, మెట్ల మీద కూర్చుని, ఆటల మీద వాదన ఎత్తుకునేవాడు. ఆ ఏడు వాదనకు పట్టపగ్గాలు లేవు. బీజింగు ఆసియా క్రీడలలో మొట్టమొదటిసారి కబడ్డీకి పతకం పెట్టారు. జూలైలో ఎవరో విమానంలో తెచ్చిన తెలుగు పత్రికలో, భారత జట్టు శిక్షణ శిబిరానికి మన రాష్ట్రం నుంచి ఇద్దరు వెళ్లారనీ, చివరి చోటుకు ఆ ఇద్దరిలో ఒకరినే తీసుకుంటారనీ పడింది. ఒకడు కడప జిల్లా కుర్రవాడు ఆంజి, కూతగాడు. రెండోవాడు గోదావరి వైపు సత్తిరాజు, పట్టుగాడు, పేరుమోసిన పాతకాపు.

“రెండేండ్లుగా ఆంజిని పట్టినోడు లేడప్పా. ఇప్పుడు ఆడే కాళ్లను చూసి ఎంచల్ల గానీ, ఎప్పుడో గెలిచిన కప్పులను చూసి ఎంచుతారా?” అనేవాడు గంగులయ్య.

“కాళ్లదేముందండీ, మేకపిల్లకీ ఉంటాయి గెంతే కాళ్లు. బీజింగులో ఎదటోళ్లు ఏడుగురూ మీద పడ్డప్పుడు నిలబడాలంటే సత్తిరాజు లాంటి గుండె ఉండాలండి.”

“గుండె చూసే పనైతే డాక్టర్లను పెట్టుకోమను. సెలెక్టర్లెందుకు?”

శిబిరంలో చివరికి ఎవరిని ఎంచుకున్నారో తెలిసేలోగానే ఆగస్టు రెండో తేదీ వచ్చింది. తెల్లవారేసరికి వీధుల్లో ఇరాకీ ట్యాంకులు. గంగులయ్యకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ తన కుటుంబాన్ని తీసుకుని సౌదీ వైపు వెళ్లిపోయాడు. రేవు మూతపడింది. వారాలు గడిచేకొద్దీ కార్ల నంబరు పలకలు మార్చమన్నారు, వీధుల పేర్లు మార్చారు, ఇక కువైట్ అనే దేశమే లేదనీ ఇది ఇరాక్‌లో పంతొమ్మిదో రాష్ట్రమనీ ప్రకటించారు. పరాయి ఇంట్లో జొరబడి, గోడమీద గృహస్థు పేరు చెరిపేసి, ఇల్లు మాదే అన్నవాణ్ని మన ఊళ్లో ఏమంటారో ఆ మాటే గంగులయ్య రోజూ నోటిలో నమిలి మింగేవాడు. రేడియోలో ఏ స్టేషను తిప్పినా యుద్ధం తప్ప ఆటల కబురు లేదు. ఉన్నవాళ్లలో సగం మంది ఎడారి దారిన వెళ్లిపోయారు. అయినా శుక్రవారం మధ్యాహ్నానికి అబ్బులు వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు, ఆంజి గొప్పా సత్తిరాజు గొప్పా అన్న వాదన పోయినవారం ఆగినచోటనే మొదలయ్యేది. రొట్టె దొరకని రోజుల్లో ఇదేం పిచ్చి అని ఇరుగుపొరుగు నవ్వారు. ఆక్రమించినవాడి ఆజ్ఞతో మారనిది ఇదొక్కటే మిగిలిందని గంగులయ్యకు అనిపించేది. కాబట్టి వదలదలుచుకోలేదు.

సెప్టెంబరు నడిమికి ఆ చుట్టుపక్కల మూడు భవనాల్లో మిగిలిన తెలుగువారి బాధ్యత నాగేంద్రబాబు మీద పడింది. ఆయనది కాకినాడ, మిర్కాబ్‌లో ఒక కంపెనీలో అకౌంటెంటు. భార్య దేవికకు ఏడో నెల. ఆసుపత్రులలో నర్సులు కూడా వెళ్లిపోతున్నారు, ప్రసవం ఇక్కడ జరిగితే దిక్కులేదు. బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాను చేరితే అమ్మాన్‌లో మన విమానాలు ఉన్నాయి. లాల్ బాషా నడిపే కంపెనీ బస్సు ఉంది. లేనిది డీజిలు. అది సైన్యం చీటీ ఇస్తేనే పోస్తారు. ఆ చీటీ కోసం నాగేంద్రబాబు వెళ్లిన ప్రతిసారీ రేపు రమ్మన్నారు.

అలాంటి రోజుల్లో ఒక ఇరాకీ అధికారి తానే లాండ్రీ ముందు జీపు ఆపాడు. వెనుకనున్న ఇసుక బయలులో మనవాళ్లు మడమలతో గీతలు గీసి ఆడుకోవడం అతని సైనికులు చూశారట. అరబ్బీ వచ్చిన లాల్ బాషా మాట మాటా తెలుగులో చెప్పాడు. శుక్రవారం టీవీ కెమెరా వస్తుంది. హిందీవాళ్లు, అంటే ఇండియావాళ్లు, తమ ఆట ఆడాలి, అరవాలి, నవ్వాలి. కొత్త రాష్ట్రంలో అందరూ సుఖంగా ఉన్నారని లోకం చూడాలి. ఆట ముగిశాక అక్కడికక్కడే డీజిలు చీటీ. రెఫరీ ఎవరని అడిగితే అందరి చూపూ గంగులయ్య మీదికే పోయింది.

ఆ సాయంత్రం, కర్ఫ్యూకు ముందు, నాగేంద్రబాబు గదిలో అందరూ కూడారు. ఒక గంట గెంతితే అన్ని కుటుంబాలూ ఇల్లు చేరతాయనీ, దీనిలో ఆలోచించేదేముందనీ నాగేంద్రబాబు అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. దాన్ని తప్పుపట్టే మనిషి ఆ గదిలో లేడు. ఇన్నేళ్లు కూడు పెట్టిన ఇల్లు దోచినవాడి వాకిట్లో వాడి పాటకు తాళం వేయడానికి తన చేతులు రావని గంగులయ్య అన్నాడు.

“ఆడితే ఏం పోతుందండీ గంగులయ్యగారూ?”

“ఆటే పోతాది సార్. మళ్లా దాన్ని యాడ తెచ్చుకుందాం?”

కాదని ముఖాన చెబితే మనుషులను తీసుకుపోతారు, ఆడితే మానం పోతుంది. ఇలా ఇరుకునపడ్డ వేళ, అబ్బులు మెల్లగా అడిగాడు.

“కూత లేకుండా నడిగీత దాటితే మీ సీమలో ఏమంటారండీ?”

“అవుటంటారు. పోయి బయట కూర్చోవల్ల.”

“మా లంకల్లోనూ అంతేనండి.”

ఎన్నో ఏళ్లుగా ఏ విషయంలోనూ కలవని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కూత అంటే ఆటగాడి ఊపిరి. ఎదుటి బరిలో అడుగుపెట్టినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా తెగకుండా పలకాలి. పలకనివాడు ఎంత మొనగాడైనా గీత దాటిన క్షణమే అవుటు. పల్లె పందేలలో అవుటైనవాడు మళ్లీ బరిలోకి రాడు. ఒక్కొక్కరే నోరు మూసుకుని దాటితే, ఒక్కరినీ ముట్టకుండా, ఒక్క పట్టూ పడకుండా, నియమం ప్రకారమే రెండు జట్లూ ఖాళీ అవుతాయి. ఆడమన్నారు, ఆడాం. ఎవరి మాటా కాదనలేదు.

చీటీ రాదని అందరికీ అర్థమైంది. నాగేంద్రబాబు తల పట్టుకున్నాడు. అప్పుడు లోపలి గది గుమ్మంలో ఒక చేత్తో నడుము పట్టుకుని నిలబడి ఉన్న దేవిక గంగులయ్యతో అంది.

“నా కడుపు పేరు చెప్పి వాళ్ల ముందు గెంతకండి బాబాయిగారూ. కావాలంటే జోర్డాను దాకా నడుస్తాను. మా ఆయనకి నేను చెప్పుకుంటాను.”

నాగేంద్రబాబు లేచి ఆమెకు కుర్చీ వేశాడు. చేయవలసింది తేలిపోయాక జట్ల ఎంపిక మొదలైంది. అందులోనే పెద్ద చిక్కు ఎదురైంది. చిన్నప్పటి నుంచి ఆడినవాడికి గీత మీద కాలు పడగానే నోరు తనంతట తానే కూతపెడుతుంది. గంగులయ్య డాబా మీద బొగ్గుతో గీత గీసి ఒక్కొక్కరినే దాటించి చూశాడు. ఎంత మంచి ఆటగాడైతే అంత త్వరగా ఓడిపోయాడు. పందేలలో బహుమతులు కొట్టిన కూతగాళ్లందరూ మూడో అడుగులో ‘చెడుగుడు’ అనేసి నాలుక కరుచుకున్నారు. కాలు సరిగా ఎత్తడం కూడా రాని వంటవాళ్లు, కాపలాదార్లు నిమ్మకు నీరెత్తినట్టు దాటేశారు.

అబ్బులుకు మూడుసార్లు అవకాశం ఇచ్చారు. మూడుసార్లూ అతని కూతకు మేడ అదిరిపోయింది.

“ఫామ్ చూసి ఎంచాలన్నది మీరేకదండీ? నాకున్నంత ఫామ్ ఇక్కడెవడికుందండీ?” అని అతడు గింజుకున్నాడు.

“నీ ఫామంతా నోట్లోనే ఉండాది. అదే కదప్పా మన కొంప ముంచేది. పక్కన కూర్చో.”

“ఆ నోరే లేకపోతే ఇన్నాళ్లూ మీరు ఎవరితో వాదించేవోరండీ?”

జట్టులో చోటు దక్కని అవమానంతో అబ్బులు ఆ పూట టీ కూడా ముట్టలేదు. ఆలోచన నాదే, ఆటలో నేను లేను అని కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు.

శుక్రవారం కెమెరా వచ్చింది. అధికారి నీడలో కుర్చీ వేయించుకున్నాడు. ఇటు సీమ జట్టు ఏడుగురు, అటు గోదావరి జట్టు ఆరుగురు. ఏడోవాడు జీపు మీద తుపాకులు చూసి, కడుపులో తిప్పుతోందని వంక పెట్టి వెళ్లిపోయాడు. మారుమనిషి లేడు. గంగులయ్య బరి చుట్టూ కలయజూసి, వేరే దారి లేక అబ్బులును వేలితో పిలిచాడు. అతడు ఒంటిమీది చొక్కా విప్పి వచ్చాడు. ఒక్కడు కూత పెడితే చాలు, వెనుక అందరి నోళ్లూ తెరుచుకుంటాయి.

ఈల మోగింది. సీమ మనిషి ఒకడు మాటా పలుకూ లేకుండా నడిగీత దాటాడు. మళ్లీ ఈల. గంగులయ్య చెయ్యి బయటికి చూపింది. అతడు వెళ్లి ఇసుకలో కూర్చున్నాడు. గోదావరి మనిషి వచ్చాడు, దాటాడు, కూర్చున్నాడు. కెమెరా మనిషి కాసేపు కన్ను తీయలేదు, తరువాత తల ఎత్తి అధికారి వైపు చూశాడు. ఎవరూ ఎవరినీ తాకడం లేదు, ఎవరూ పరుగెత్తడం లేదు. శవం ఉన్న ఇంటికి పలకరింపుకు వచ్చినవారిలా ఒకరి తరువాత ఒకరు వస్తున్నారు, కూర్చుంటున్నారు.

చివరగా అబ్బులు గీత ముందుకొచ్చాడు. వంగి ఇసుకను ముట్టి కళ్లకద్దుకున్నాడు. కుడికాలు అవతల పెట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి, దవడలు బిగిశాయి, ముఖం కందగడ్డ అయింది. ఒక అడుగు, రెండు, మూడు. జట్టు ఎంపికలో తాను తప్పు చేశానా అని గంగులయ్య ఈలను పంటితో కొరికిపట్టాడు. నాలుగో అడుగు పడింది. కూత రాలేదు. అప్పుడు ఊదిన ఈల ఆయన జన్మలో ఊదిన అన్ని ఈలల కంటే పొడుగు.

అధికారి లేచి వచ్చాడు. ఇదేం ఆట అని లాల్ బాషాను గద్దించాడు. కూత లేనివాడు అవుటని నియమం, రెఫరీ నియమం తప్పడని లాల్ బాషా చెప్పాడు. అయితే కూయమను, యల్లా, త్వరగా కానివ్వు, అన్నాడు అధికారి. లాల్ బాషా ఆ మాట గంగులయ్యకు చేరవేశాడు.

“ఈల నా చేతిలో ఉండాది, ఊదినా. కూత వాళ్ల ఊపిరి. దాన్ని పెట్టించేదానికి నాకూ లేదు, ఆయనకూ లేదు హక్కు. ఇదే మాట చెప్పు బాషా, తగ్గించి చెప్పొద్దు.”

లాల్ బాషా తగ్గించలేదని చెంపదెబ్బ చెప్పింది. అది గంగులయ్య మీదే పడింది. ఇండియావాళ్ల మీద మితిమీరవద్దని పైనుంచి మాట ఉందని అప్పట్లో అనుకునేవారు. అందువల్లనో, ఇసుకలో కూర్చున్న పద్నాలుగు మందీ ఒక్కసారి లేచి నిలబడినందువల్లనో, రెండో దెబ్బ పడలేదు. చీటీ అధికారి జేబులోనే తిరిగిపోయింది. ఖలాస్, మీకు డీజిలు లేదు అన్నది ఒక్కటే వెళుతూ అతడన్న మాట.

ఆ మాటకు జవాబు చేతులతో చెప్పవలసి వచ్చింది. ఫర్వానియా దారిలో సగం కట్టి వదిలేసిన భవనాల దగ్గర యజమానులు వెళ్లిపోయిన జనరేటర్లు, కంప్రెసర్లు ఉన్నాయి. వాటి అడుగున ఎంతోకొంత డీజిలు మిగిలి ఉంది. పట్టుబడితే ప్రాణానికి పూచీ లేదని ఇన్నాళ్లూ ఎవరూ అటు చూడలేదు. గంగులయ్య లాండ్రీ బండిలో డబ్బాలు పెట్టి, పైన మాసిన దుప్పట్లు కప్పి, పట్టపగలే తోసుకుంటూ వెళ్లాడు. అబ్బులు తోడు వెళ్లాడు. గొట్టం ఒక కొస ట్యాంకులో వేసి, రెండో కొస నోటితో పీల్చాలి. ఊపిరి బలంగా లాగాలి, నూనె నోటికి తగిలే లోపల గొట్టం డబ్బాలోకి దించాలి. మొదటి నాడే ఇద్దరి నాలుకలూ పొక్కిపోయాయి. దమ్ము ఉన్న కుర్రవాళ్లను ఎంచి వంతులు వేసుకున్నారు. వాడు లాగలేడంటే వీడు లాగలేడని మళ్లీ వాదన. డాబా మీద ఓడిపోయిన కూతగాళ్లందరికీ ఈ జట్టులో మొదటి చోటు దొరికింది.

చివరి డబ్బాకు నాగేంద్రబాబు తానే గొట్టం పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మీద కక్కుకున్నాడు గానీ డబ్బా నింపాడు. బస్సు ట్యాంకు మూత బిగించాక, ఆయన పెదవులు తుడుచుకుంటూ తన ఆట ఎలా ఉందని అడిగాడు.

“జాతీయ జట్టుకు చాలదు సార్. జిల్లా జట్టుకు చూద్దాం,” అన్నాడు గంగులయ్య, ఇంకా వాపు తగ్గని చెంపతో.

“చూడ్డానికేముందండీ, ఈయన్ని శిబిరానికి పిలవాలండి. కొత్తోడికి ఒక అవకాశం ఇవ్వరా?” అని అబ్బులు అడ్డుపడ్డాడు.

అప్పటికే దేవిక కిటికీ పక్కన కుదురుకుంది. లాల్ బాషా ఇంజను వేశాడు. ఆమె తల బయటికి పెట్టి, డీజిలు నోళ్లు తన పక్కకు రావద్దనీ, వాదన వెనుక సీట్లో పెట్టుకోమనీ ముగ్గురినీ కేకేసింది. నాగేంద్రబాబు ముందు ఎక్కాడు. మిగిలిన ఇద్దరూ ఎవరు ముందు ఎక్కాలో తేలక ఫుట్‌బోర్డు మీద కాసేపు నిలబడ్డారు. బస్సు కదిలేసరికి ఇద్దరూ ఒకేసారి ఎక్కేశారు.