పటంలో గడ్డివాము

లివాదె ఊళ్ళో స్తోయాంక పిన్నికి ఒకే ఒక్క జబ్బు. ఊరి పటం కనబడితే చాలు, చెవి వెనక పెన్సిలు తీసి, కొండమీది చిన్న చర్చి ఉండాల్సిన చోట శిలువ గీసేస్తుంది.

బడిలో పటం, బస్టాండులో పటం, ఏదీ దక్కలేదు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని కూడా గోడమీది పటానికి చెయ్యి చాచింది.

"ముందు పన్ను పీకనియ్యి పిన్నీ!" అని మొత్తుకున్నాడు డాక్టరు.

"పన్నెక్కడికీ పోదు. చర్చి పోయింది," అంది.

నిజమే, ఆ చర్చి పాత పటాల్లో లేదు. ఆ పాపాన్ని ఊరంతా కలిసి గొర్రెల కాపరి దోబ్రి నెత్తిన రుద్దింది. పరాయి సుల్తానులు ఏలే కాలంలో ఊరు కొలవడానికొచ్చిన వాళ్ళకి కొలతగొలుసు పట్టింది అతని ముత్తాత. "ఎదురుగా ఉన్న చర్చిని చూపించలేని కబోది!" అని తరతరాలుగా ఎగతాళి. సెయింట్ జార్జి పండగనాడు అందరూ చర్చి వాకిట్లో గొర్రెమాంసం పులుసు తాగుతుంటే, దోబ్రి తన గిన్నెతో గోడ బయట కూర్చునేవాడు.

"నువ్వు శిలువ గీసినప్పుడల్లా జనం మా ముత్తాతని తవ్వుతున్నారు పిన్నీ. మానెయ్యవూ?" అని ఓసారి బతిమాలాడు.

"మానను. తవ్వనీ. నేనూ తవ్వుతున్నా."

ఈ ఏడు సరిగ్గా పండగనాడే కొత్త పటం గీయడానికి సర్వేయరు వచ్చాడు. చర్చి వాకిట్లో అన్నిటికన్నా పాత, సుల్తానుల కాలంనాటి పటం నకలు పరిచాడు. పిన్ని కళ్ళద్దాలు సవరించుకుని వంగింది. పెన్సిలు చెవి వెనకే ఉండిపోయింది. ఊరు నోరెళ్ళబెట్టింది.

"బాబూ, చర్చి ఉండాల్సిన చోట ఇదేం రాసుంది?"

"పెద్ద గడ్డివాము అనమ్మా."

"అదీ!" చేతికర్రతో నేలమీద ఒక్కటిచ్చింది పిన్ని. "అనుమతి లేని చర్చి కంటబడితే సుల్తాను మనుషులు కూల్చేసేవాళ్ళు. అందుకే దోబ్రి ముత్తాత ముందురోజే చర్చినంతా గడ్డితో కప్పేశాడు. ఆ గడ్డి మోసింది మా ముత్తవ్వ. చెబితే రుజువేదన్నారు మీరు. నలభై ఏళ్ళుగా పటం పటమూ వెతుకుతున్నా."

"మరి ఆ శిలువలు?" అన్నాడు దోబ్రి, గిన్నెతో గోడ బయటినుంచి లోపలికి వచ్చి.

"చూసేసిన పటమని గుర్తురా!"

ఊరంతా దోబ్రి వంక చూడలేక పులుసు గిన్నెల్లోకి చూసింది.

పిన్ని పెన్సిలు తీసి దోబ్రి చేతిలో పెట్టింది. సర్వేయరు కొత్త పటాన్ని రెండు చేతులతో కప్పుకున్నాడు. పిన్ని ఆ చేతులు పక్కకి తోసింది.

"గియ్యరా."

దోబ్రి శిలువ గీశాడు. "వంకరగా వచ్చింది పిన్నీ."

"చర్చీ వంకరే," అని అతని గిన్నె లాక్కుని, వాకిట్లో అందరి మధ్యా పెట్టింది. "కూర్చో. పులుసు చల్లారిపోతోంది."