ఇఖామా ఎంతవరకో, లాగిన్ అంతవరకే

మా బాబాయిగారు పోయారని శుక్రవారం పొద్దున్నే ఆయన ఉండే ఫింటాస్ నుంచి ఫోనొచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. నాకు చుట్టం కాదు. మా కంపెనీ డేటాబేస్ చూసే పెద్దాయన, నాకు పని నేర్పిన మనిషి. అమలాపురం ఆయన. షర్క్ ఆఫీసులో తెలుగువాళ్లందరికీ బాబాయే.

కొత్తగా చేరినవాళ్లకి లాగిన్ చేసిచ్చి, పాస్‌వర్డ్ కొట్టుకోమని తను కిటికీవైపు తిరిగి నిలబడేవారు. కావాలంటే ఎవరి పాస్‌వర్డయినా మార్చేయగల అధికారం ఆయనదే. అయినా అటు తిరిగేవారు.

ఎవరి లాగిన్ గడువైనా వాళ్ల ఇఖామా, అంటే ఈ అరబ్బు దేశంలో ఉండనిచ్చే పర్మిట్, తీరే తేదీకే పెట్టేవారు. కంప్యూటర్‌కి కూడా వీసానా అని నవ్వుకునేవాళ్లం. ఓసారి అమ్ఘరా యార్డులో స్టోర్ చూసే రాయచోటి భాయ్ లాగిన్ ఆగిపోయింది. తిట్టుకుంటూ కాగితాలు తీసి చూస్తే, ఇఖామా రెన్యూ చేయించడం కంపెనీవాళ్లే మరిచిపోయారు. ఆ రోజు నుంచి బాబాయిగారంటే అతనికి ప్రాణం.

లారీలకి డెలివరీ చీటీలు తీసే ప్రోగ్రాము నేను రాసిందే. తొందరలో బాబాయిగారి లాగిన్‌తోనే నడిపించేశాను. కనిపించినప్పుడల్లా అదే మాట.

"మనిషి లాగిన్ మనిషికేరా అబ్బాయ్. ప్రోగ్రాముకి దానిది దానికి చేసెయ్యి."

టీ తాగొచ్చి చేస్తానండీ అనేవాణ్ణి. కోప్పడకుండా నాతోపాటే టీకి వచ్చేవారు. కోప్పడినా బాగుండేది.

ఆయన్ని ఊరికి పంపడానికి కంపెనీ ముందు ఇఖామా రద్దు చేయించింది. ఆయన పద్ధతి ప్రకారం నేను లాగిన్ మూసేశాను. మర్నాడు చీటీలు రాక అమ్ఘరాలో లారీలన్నీ నిలబడిపోయాయి. మేనేజరు తెరవమన్నాడు. తెరిచి, గడువు దగ్గర ఏడాది కొట్టాను. పెట్టెలో పడుకుని విమానం కోసం చూస్తున్న మనిషికి ఏడాది గడువు. సిగ్గేసింది. అయినా అలాగే వదిలేశాను.

వారం తర్వాత రాయచోటి భాయ్ ఫోన్ చేశాడు.

"చీటీ మింద ఈ పొద్దు గూడా ఆయన పేరే వచ్చిండాదన్నా. సంతకం పెట్టేదానికి చెయ్యి రావడంల్యా."

అప్పుడు కూర్చున్నాను. ప్రోగ్రాముకి వేరే లాగిన్ చెయ్యడానికి పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. ఆయన బతికుండగా ఆ పది నిమిషాలే నాకు దొరకలేదు.

ఇక ఆయనది మూసెయ్యాలి. తెర మీద, ఇప్పుడు పనిలో ఉన్నవాళ్ల పేర్లలో, నా పేరుకి పైనే బాబాయిగారి పేరు ఉంది.