కుక్కల ముందు నా పికప్పు

కుక్కతోక పట్టుకుని గోదారి ఈదొద్దని పెద్దలు చెప్పారు. కుక్కల ముందు పికప్పు తోలొద్దని మాత్రం ఏ పెద్దాయనా చెప్పలేదు. చెప్పి ఉంటే 2007 చలికాలంలో నాకా గతి పట్టేది కాదు, మీకీ నవ్వు దక్కేది కాదు.

అప్పుడు నేను అరబ్బుల దేశంలో, ముసఫా అనే చోట ఒక టైల్స్ కంపెనీ డ్రైవర్ని. మాది రాజంపేట. మా ముదీర్, అంటే మేనేజరు, లెబనాన్ మనిషి. మనసు వెన్న, నోరు మాత్రం మిక్సీ. ఆ ఏడు ఆయన వినికిడి లేని పిల్లల బడికి చందాలు పోగుచేద్దామనుకున్నాడు. బాగానే ఉంది. దానికోసం సలూకీల పందెం పెడదామన్నాడు. సలూకీ అంటే అరబ్బుల వేటకుక్క. నాలుగు అగరొత్తుల మీద వీణని నిలబెట్టినట్టుంటుంది. జనం వచ్చి చూస్తారు, పోతూ డబ్బాలో చందా వేస్తారు. కుక్కలు ఊరికే పరిగెత్తవు కాబట్టి ముందొక బండి పోవాలి, దాని వెనక తాడుకి కట్టిన జింకతోలు ఎగురుతుండాలి. ఆ బండి తోలే ఘనత నాకు దక్కింది.

ఆ ఘనతని వెళ్లి మేరీ టీచరక్కకి చెప్పుకున్నా. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఆమెదీ మాదీ ఒకే విల్లా. మేడ మీద గదిలో మేం బ్యాచిలర్లం, కింది వాటాలో ఆమె. నెల్లూరావిడ. పందేలకి పనికిరావని ఎడారిలో వదిలేసిన సలూకీలని తెచ్చి సాకేది.

"ఆ పిల్లోళ్ల పేరు చెప్పి నోరులేని జీవాల్ని తరుముతారా ఖాదరూ?"

"కుక్కలకి పరుగంటే ఇష్టమే కదక్కా."

"ఇష్టమైతే పరిగెత్తనీ. కాలిరిగినాక ఎవురు చూస్తుండారు? ఇదిగో, దీన్ని చూడు."

చాప మీద పడుకున్న సలూకీకి ముందుకాలు వంకరగా అతుక్కుంది. అది కుంటుతూ వచ్చి నా చెప్పు మీద గడ్డం ఆనించింది. నా గుండె జారిపోయింది. గుండె జారితే నోరు కూడా జారుతుంది నాకు.

"నేనుండా కదక్కా. నువ్వు దిగులు పడాకు. దేనికీ దెబ్బ తగలనీను."

మర్నాడు ముదీర్ పిలిచాడు. "ఖాదర్, బండి జోరుగా పోవాలి. జనం కేకలు వేయాలి."

"గాలిలా పోతా సార్."

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నీళ్లలో పడతాడు. నేను ఇసకలో పడ్డా.

శుక్రవారం, అల్ ఐన్ దారిలో ఒక తోట పక్కన పందెం. గుడారాలు, కుటుంబాలు, ముందు వరసలో ఆ బడి పిల్లలు. మేరీ అక్క బక్కెట్లలో నీళ్లు నింపుకుని ఓ పక్కన నిలబడింది. పందెం వద్దని ముదీర్‌ని అడిగిందట. "ఒక్క రౌండే మేడమ్" అన్నాడట. కుక్కల్లో ఒక గోధుమరంగుది ముందుకాలు పైకెత్తి నిలబడి ఉంది. "పరిగెత్తితే సర్దుకుంటుంది" అన్నాడు యజమాని.

"యల్లా" అన్నారు, అంటే ఇక పోనీ అని. నేను గాలిలాగే పోయా. అద్దంలో చూస్తే ఆ గోధుమరంగుది అందరి వెనకా కుంటుకుంటూ వస్తోంది. నా కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేచింది. నేను తగ్గితే అవీ తగ్గుతాయనుకున్నా. పళ్లెం దగ్గరికి జరిపితే ఆకలి తగ్గుతుందనుకున్నట్టు.

కుక్కలకి అందిన తోలు క్షణంలో పీలికలైంది. అప్పుడు గుర్తొచ్చింది, పికప్పు వెనక అతిథుల మటన్ బిర్యానీ డేగిసా ఉందని. పొద్దున దాన్ని దింపమన్నారు, నేను మరిచిపోయా. కుక్కలు మరిచిపోయే రకం కాదు. ఒకటి ఎగిరింది, వెనకే మిగతావన్నీ. మూత ఖంగుమని ఇసకలో పడింది.

గోధుమరంగుది మాత్రం ఎగరలేక కింద నిలబడి మూలుగుతోంది. బండాపి దిగి, ఎత్తుకుని ముందు సీట్లో ఏసీ కింద కూర్చోబెట్టా. అది నా మొహమంతా నాకింది. కుక్క నాకిన గిన్నెని ఏడుసార్లు కడగాలంటారు మా వాళ్లు. మా అమ్మ చూసి ఉంటే నన్నే ఏడుసార్లు కడిగేది.

అలా కుక్కలన్నిటినీ ఎక్కించుకుని గీత దాటా. పెద్దవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ బడి పిల్లలు మాత్రం రెండు చేతులూ పైకెత్తి ఆడించారు. అవి వాళ్ల చప్పట్లు.

ముదీర్ వచ్చాడు. "ఏది గెలిచింది?"

"పికప్పు, సార్."

"అతిథుల భోజనం?"

"అతిథులు తినేశారు సార్."

"ఖలాస్. రేపే నిన్ను విమానం ఎక్కిస్తా."

ఈలోపు పిల్లలు బండి చుట్టూ మూగారు. ఒకరు కుక్క మెడ కౌగిలించుకుంటే, ఇంకొకరు చెవులు నిమురుతున్నారు. తల్లిదండ్రులు ఫొటోలకి వరసకట్టారు. ఫొటో తీసుకున్న ప్రతివాళ్లూ డబ్బా దగ్గరికి పోతున్నారు. మేరీ అక్క కుక్కలకి నీళ్లు పెడుతూ మెల్లగా అంది: "చూశారా సార్, ఏ కాలూ ఇరగకుండానే డబ్బా నిండుతుండాది."

ముదీర్ డబ్బా వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. విమానం మాట మళ్లీ ఎత్తలేదు. మరుసటి ఏడు పందెం లేదు, పిల్లలూ కుక్కలూ ఆటలే. గోధుమరంగుదాన్ని యజమాని ఆ సాయంత్రమే మేరీ అక్కకి ఇచ్చేశాడు.

కానీ ఆ రోజుకి బహుమతి ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదా. ముదీర్ మైకు తీసుకుని, "మొదటి బహుమతి, ఖాదర్" అన్నాడు. గెలిచిన కుక్క వీపు మీద కప్పే జరీ బట్టని నా వీపు మీద కప్పి, పొట్ట కింద పట్టీ బిగించి, చేతిలో కుక్క బిస్కెట్ల మూట పెట్టాడు.

ఆ వేషంలోనే నిలబడి ఎడారి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నా, బతికున్నంతకాలం ఏ పందెంలోనూ ఫస్టు రానని. అల్లా దయవల్ల ఇంతవరకూ ఆ ఒట్టు తప్పే అవసరం రాలేదు.