సందేహం గుర్తు పెట్టిన వాక్యాలు

పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లు యంత్రం తెరమీద మళ్లీ ఇంగ్లీషే కనిపించేసరికి నాకు ఒళ్లు మండింది. కన్నడ నొక్కితే కన్నడ వస్తోంది. తెలుగు నొక్కితే మాత్రం ఇంగ్లీషు. ఎవరో కావాలనే చేశారని తేల్చేసుకున్నాను.

రాయచూరులోని ఆ మిల్లుకు ప్రోగ్రాం రాసింది నేనే. యంత్రం నడిపే ఆమె గద్వాల వైపు నుంచి రాయచూరు దగ్గరి ఇడపనూరుకు కోడలుగా వచ్చింది. చదవడం వచ్చింది తెలుగొక్కటే. అందుకే తెలుగు హెచ్చరికలు ఆమెతోనే రాయించాను. సోమవారానికల్లా అవి తెరమీదికి రాకపోతే ఇంగ్లీషు వచ్చినవాణ్ణి పెట్టుకుంటానని యజమాని చెప్పేశాడు.

"సారూ, నన్ను తీసేయనీకె గిట్ల చేసిండ్రా ఏంది?" అని ఆమె నన్నే అనుమానంగా చూసింది.

నా అనుమానం సహోద్యోగి మీద. ప్రోగ్రామునూ అనువాదాలనూ కలిపి బిల్డ్ చేసేది అతనే, లింగసుగూరు కన్నడిగుడు. జాబితాలోంచి తెలుగు పీకేసి ఉంటాడని, అతను టీకి వెళ్లగానే అతని సెట్టింగులు తెరిచాను. తెలుగు నిక్షేపంలా ఉంది. అయినా నమ్మబుద్ధి కాలేదు. ఇంకా వెతుకుతుండగానే అతను వెనక నిలబడ్డాడు.

"నా మీద డౌటా? నీ తెలుగు ఫైలు చూసుకున్నవా ముందు?"

చూశాను. ఆమె రాసిన ప్రతి వాక్యానికీ 'సందేహం' గుర్తు ఉంది. ఆ గుర్తున్న అనువాదాన్ని బిల్డ్ తీసుకోదు, కిక్కురుమనకుండా ఇంగ్లీషునే ఉంచేస్తుంది. గుర్తులు పెట్టింది నేనే. మాది కాలువ కింద సాగు కోసం ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపు, ఇంట్లో కోస్తా తెలుగు. "దూది ఇరికింది. మిషిన్ బంద్ చెయ్యి. లోపల చెయ్యి పెట్టకు" అని ఆమె రాస్తే, ఇదేం తెలుగు, ఎవరైనా మాస్టారికి చూపిద్దామని పక్కన పెట్టి మరిచిపోయాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

గుర్తులు తీసేశాను. అతను మళ్లీ బిల్డ్ చేసిచ్చాడు.

సోమవారం ఆమె తెరమీద కనిపించిన తన మాటలే పైకి చదివింది. యజమాని తలూపి వెళ్లిపోయాడు.

"ఇన్ని దినాలు ఎవరాపిండ్రు సార్?"

కంప్యూటరు తప్పని చెబుదామనుకున్నాను. మానుకున్నాను. "నేనే. మీ తెలుగు సరైనదో కాదోనని అనుమానపడ్డాను."

ఆమె "గా మిషిన్ల చెయ్యి పెట్టేది నేను. నన్నడిగితే అయిపోతుండె గద సార్" అంది.